కుర్చీ ఖాళీగా ఉండకూడదు

లిఫ్టులు బాగుచేసే మనిషి, లిఫ్టు లేని భవనంలో నాలుగో అంతస్తులో కాపురముంటున్నాడంటే వినేవాళ్ళకు నవ్వొస్తుంది. ఆయనకు రాదు. ఇంటికి ఏ చుట్టం వచ్చినా ఎనభై ఎనిమిది మెట్లెక్కి, గుమ్మంలో నిలబడి ఆయాసపడుతూ, చెప్పుల కంటే ముందు ఈ మాటే విడుస్తారు. పదిహేనేళ్ళుగా వింటున్నాడు కాబట్టి ముఖం చిట్లించడం కూడా మానేశాడు. "రండి, కూర్చోండి" అంటాడు, అంతే.

ఆఫీసులవీ, ఆస్పత్రులవీ, అపార్టుమెంట్లవీ కలిపి ముప్పై ఎనిమిది లిఫ్టులు ఆయన చేతి కింద ఉన్నాయి. అందరూ ఆయన్ని మేస్త్రి అంటారు. ఆయన అటు తిరగ్గానే రూల్సు మేస్త్రి అంటారు. రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆగితే లోపలున్నవాళ్ళు ఎంత గోల పెట్టినా, బయటున్నవాళ్ళు ఎంత తొందర పెట్టినా తలుపు తియ్యడు. ముందు కరెంటు ఆపాలి. తరవాత పైన మోటారు గదిలో బ్రేకు వదిలి, చేతి చక్రం తిప్పి, పెట్టెను దగ్గరున్న అంతస్తు మట్టానికి తేవాలి. అప్పుడు తలుపు. ఆ తరవాత రిజిస్టరులో తేదీ, సమయం, లోపం, చేసిన పని, సంతకం. ఇంత రూలు పాటించే మనిషిని లోకం ముందు మెచ్చుకుంటుంది, తరవాత భరిస్తుంది, ఆ తరవాత ఆయన సెలవు పెట్టిన రోజు చూసుకుని పని కానిచ్చుకుంటుంది. మేస్త్రికి ఈ సంగతి తెలుసు. తెలిసినా మారే రకం కాదు.

అలాంటి మనిషి చేతికి ఒక ఆట దొరికింది.

ఏదో ఆఫీసువాళ్ళు పాత కంప్యూటర్లు పారేస్తుంటే నాలుగింటిని విప్పి ఒకటి చేసుకున్నాడు. అందులో అంతరిక్షంలో ఓడ నడిపే ఆట పెట్టుకున్నాడు. ఆ ఆటలో చంపడానికి ఎవరూ లేరు, గెలవడానికి ఏమీ లేదు. ఒక ఓడ ఉంటుంది. లెక్కకు అందనన్ని నక్షత్రాలుంటాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి దూకుతూ, ఆ నక్షత్రం అంచున ఎగురుతూ ఇంధనం తోడుకుంటూ, చుట్టూ తిరిగే గ్రహాలను చూసుకుంటూ పోవడమే. నీకంటే ముందు ఎవరూ చూడని నక్షత్రాన్ని నువ్వు చూసి, క్షేమంగా రేవుకు తిరిగొచ్చి అప్పజెబితే, దాని పక్కన నీ పేరు పడుతుంది. ఆ తరవాత ఆడేవాళ్ళు ఎవరు అటు పోయినా నీ పేరు చదవాల్సిందే. దారిలో ఓడ కాలిపోయిందా, చూసినదంతా చూడనట్టే.

పాతికేళ్ళుగా మీట నొక్కితే పైకి, మీట నొక్కితే కిందికి పోయే పెట్టెల మధ్య బతికిన మనిషికి అడ్డంగా పోయే దారి కనపడేసరికి ఎలా ఉంటుందో ఎవరైనా ఊహించుకోవచ్చు. మామూలు మనిషైతే ఇష్టమొచ్చినట్టు తిరిగేవాడు. మేస్త్రి ముందు వెళ్ళి వాడని లిఫ్టు రిజిస్టరు ఒకటి తెచ్చుకున్నాడు. మొదటి పేజీలో రూల్సు రాసుకున్నాడు.

ఓడ ఒక్కటే. కాలితే అన్నీ మొదటి నుంచి. రెండోది, కెప్టెన్ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ఓడను నడపకూడదు. నడిపితే ప్రయాణం రద్దు, అప్పటిదాకా చూసిన నక్షత్రాలన్నీ తుడిచెయ్యాలి. ఇంధనం అయిపోయినా ఎవరి సాయమూ అడగకూడదు. ఒక నక్షత్రం చుట్టూ ఏమేముందో పూర్తిగా చూడనిదే ముందుకు కదలకూడదు. అయిదోది, అన్నిటికంటే మొండిది: ఓడ నేల మీద దిగనిదే ఆట ఆపకూడదు, కుర్చీ ఖాళీగా ఉండకూడదు. నిజానికి ఆ ఆటను ఎక్కడ కావాలంటే అక్కడ ఆపేసి లేచిపోవచ్చు. ఆడేవాళ్ళందరూ చేసేదదే. మేస్త్రి దృష్టిలో అది మధ్యలో ఆగిన లిఫ్టు తలుపు తియ్యడంతో సమానం. అలా పదకొండు రూల్సు. రాసిన రూలు కొట్టెయ్యకూడదన్నది పదకొండోది. కింద ఆయన సంతకం, సాక్షి సంతకం.

సాక్షి ఆయన భార్య. రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. రోజుకు వందమంది చేతుల్లో నరం వెతికే మనిషి. ఆ పూట అలసిపోయి వచ్చి, మొగుడు చూపించిన చోట చదవకుండా సంతకం పెట్టింది. పెట్టిన ఒకేఒక్క సంతకానికి ఇంత అనుభవిస్తానని ఆమె అనుకోలేదు.

ఎందుకంటే ఓడను ఒక గ్రహం మీద దింపాలంటే తక్కువలో తక్కువ పావుగంట పడుతుంది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే, "ఏవండీ, కాస్త కట్టెయ్యండీ!" అని ఆమె స్నానాలగది నుంచి అరిస్తే, "దిగుతున్నా, ఆగు!" అని జవాబొచ్చేది. కరెంటు మీటరు చూసేవాడు తలుపు కొట్టి కొట్టి పక్కింటివాళ్ళను అడిగితే, వాళ్ళు ఏమాత్రం తడుముకోకుండా, "ఆయన ఇంకా దిగలేదండీ, పది నిమిషాలాగండి" అనేవాళ్ళు. మీటరు మనిషి మెట్ల వైపు చూసి, ఎవరూ దిగకపోయేసరికి తల గోక్కునేవాడు.

ఓడకు పేరు కూడా పెట్టుకోలేదు. ముప్పై తొమ్మిది అని నంబరిచ్చాడు. కీబోర్డు మీద మీటలన్నిటికీ లిఫ్టు గదిలో అంటించినట్టే చీటీలు అంటించాడు. పైకి, కిందికి, ఎడమకు, కుడికి, వేగం పెంచు, వేగం తగ్గించు. సరుకు పారబోసే మీట మీద ఎర్ర సిరాతో, ముట్టుకోవద్దు.

పద్నాలుగు నెలలు అలా ముందుకు పోయి పోయి, రెండు వేల మూడు వందల పదహారు నక్షత్రాలు చూసి, తిరుగు ప్రయాణంలో సగానికి పైగా వచ్చేశాడు. ఆ రెండు వేల మూడు వందల పదహారూ అంతకుముందు ఎవరూ చూడనివి. ఏదీ ఇంకా రేవులో అప్పజెప్పలేదు. అంతా ఆ ఒక్క ఓడలో ఉంది. ఇంకో ఏడు వారాలు జాగ్రత్తగా వస్తే చాలు.

సరిగ్గా అప్పుడు అత్తగారు పదిరోజులుందామని వచ్చింది. ఆస్పత్రి మందుల స్టోరులో ముప్పై ఒక్క ఏళ్ళు చేసి రెండేళ్ళ కిందటే పని విరమించిన మనిషి. ఎనభై ఎనిమిది మెట్లూ ఎక్కి, అందరూ అనే మాట అనకుండా, "మధ్యలో ఒక దీపం వెలగట్లేదు, చూసుకోండి" అంది. మేస్త్రికి ఆ ఒక్క మాటతో ఆవిడంటే గౌరవం కలిగింది. మర్నాడు ఆవిడ రిజిస్టరు మొదటి పేజీ మొత్తం చదివి, "రెండో రూలుకు శిక్ష రాశావు, మిగతావాటికి రాయలేదేం?" అని అడిగింది. ఆ గౌరవంలో కొంచెం భయం కూడా కలిసింది.

ఆదివారం మధ్యాహ్నం. భార్య ల్యాబుకు పోయింది, అయిదు దాటితేగాని రాదు. మేస్త్రి ఒక నక్షత్రం అంచున ఇంధనం తోడుకుని అప్పుడే బయటికి తిప్పాడు. చుట్టుపక్కల ఏముందో ఇంకా చూడలేదు. ఫోను మోగింది. నాలుగు వీధుల అవతల ఉన్న క్లినిక్కుల భవనం వాచ్‌మన్.

"మేస్త్రీ, మన పళ్ళ డాక్టరు లిఫ్టులో ఇరుక్కున్నాడు. రెండుకీ మూడుకీ మధ్యన. ఇవాళ డ్యూటీలో ఉన్న మెకానిక్ ఫోనెత్తట్లేదు. గడ్డపార పెట్టి తలుపు తెరవమంటావా?"

"గడ్డపార ముట్టుకున్నావంటే నేను రాను! కాదు, వస్తున్నా. ముట్టుకోకు."

దగ్గర్లో దిగే గ్రహం పద్దెనిమిది నిమిషాల దూరంలో ఉంది. లిఫ్టులో మనిషి ఉన్నాడు. కుర్చీ ఖాళీగా ఉండకూడదు. మేస్త్రి వేగం బాగా తగ్గించి, ముక్కు చీకటివైపు తిప్పి, పక్క గదిలో పేపరు చదువుకుంటున్న అత్తగారిని పిలిచాడు.

"అత్తయ్యా, ఒక్కసారి ఇక్కడ కూర్చోండి. లేవొద్దు. ఏమీ ముట్టుకోవద్దు. నేనొచ్చేదాకా మీదే బాధ్యత."

ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని, గోడ గడియారం చూసి, "రెండూ నలభై. సరే" అంది.

క్లినిక్కుల భవనం పైన మోటారు గది పెంకుటింటి అటకంత ఉంటుంది. మేస్త్రి కరెంటు ఆపాడు. లిఫ్టు తాళ్ళు దిగే కన్నాల మీదికి వంగి, "డాక్టరు గారూ, నేనొచ్చాను, కంగారు పడకండి" అని కేకేశాడు. బ్రేకు మీద చెయ్యి వేశాడో లేదో జేబులో ఫోను మోగింది. స్పీకరులో పెట్టి మోటారు పక్కన ఉంచాడు.

"పని మధ్యలో పిలిచానా బాబూ?"

"చెప్పండత్తయ్యా."

"ఏం లేదు. ఎదురుగా ఎర్రగా పూసలాంటిది కనపడుతోంది. ఇందాక ఆవగింజంత ఉంది. ఇప్పుడు చొక్కా గుండీ అంతయింది."

మేస్త్రి బ్రేకు మీంచి చెయ్యి తీసేశాడు. అది జంట నక్షత్రం. ఒకదాని పక్కన ఇంకోటి, మసక వెలుగుది, చీకట్లో కలిసిపోయి ఉంది. చుట్టూ చూడనిదే కదలకూడదని రాసుకున్నవాడే, చూడకుండా కదిలించి, ఓడ ముక్కు తిన్నగా దాని నోట్లోకి పెట్టి వచ్చాడు.

"తెర మీద కుడిపక్కన వేడి అని ఒక అంకె ఉంటుంది. ఎంతుంది?"

"డెబ్భై రెండు."

"ఏవిటి డెబ్భై రెండు?" అని తాళ్ళ కన్నాల్లోంచి డాక్టరు గొంతు పైకొచ్చింది.

"మీకు కాదండీ, మీరు నిమ్మళంగా ఉండండి."

"డెబ్భై అయిదయింది బాబూ. వంద దాటితే ఏమవుతుంది?"

"కాలిపోతుంది."

"ఏం కాలిపోతుందయ్యా?" కింద తలుపు మీద గుద్దులు మొదలయ్యాయి. "కాలిపోవడమేంటి? నన్ను బయటికి తియ్యండి!"

"కాలేది మీరు కాదండీ, మా అత్తగారు!"

డాక్టరు గుద్దడం ఆపేశాడు. ఆ మాటకు ఏమనాలో ఏ చదువులోనూ చెప్పరు కదా.

"అత్తయ్యా, ఎడమకు అని చీటీ ఉన్న మీట నొక్కి పట్టుకోండి. పూస తెరలోంచి పోయేదాకా వదలొద్దు."

"ముట్టుకోవద్దన్నావుగా?"

"ఇప్పుడు ముట్టుకోమంటున్నా!"

"నీ పుస్తకంలో రెండో రూలు..."

"అత్తయ్యా, నొక్కండి!"

"ఇక్కడ ఎడమకు అని ఏ మీటా లేదయ్యా!" అని కింది నుంచి డాక్టరు ఏడుపు గొంతుతో అరిచాడు.

"మీరేం నొక్కొద్దు సార్, మీరు ఊరికే నిలబడండి! అత్తయ్యా, ఎంత?"

"తొంభై ఒకటి. తొంభై ఒకటి. ఎనభై తొమ్మిది. పూస పక్కకు పోతోంది. ఎనభై నాలుగు..."

అక్కడితో ఫోనులో ఛార్జింగు అయిపోయింది.

మేస్త్రి బ్రేకు వదిలి చేతి చక్రం తిప్పాడు. పెట్టె అంగుళం అంగుళం కదిలి మూడో అంతస్తు మట్టానికి వచ్చింది. కిందికి దిగి తలుపు తీస్తే డాక్టరు చెమటలు కక్కుతూ బయటపడి, తన సంగతి మరిచిపోయి, "మీ అత్తగారికి ఎలా ఉందయ్యా?" అని అడిగాడు.

"ఫరవాలేదండీ. ఎడమకు తిరిగారు."

లోపం వెతికి బాగుచేసేసరికి గంటన్నర పట్టింది. మేస్త్రి ఇంటికొచ్చి మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. గదిలో అత్తగారు కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చెవులకు ఆయన హెడ్‌ఫోను. తెర నిండా ఒక పెద్ద లేతపచ్చ గ్రహం, నడుము చుట్టూ వెండి పళ్ళెం లాంటి వలయం. ఓడ దాని చుట్టూ నీళ్ళ మీద ఆకులా తేలుతూ పోతోంది.

"వచ్చావా? ఇది మూడో చుట్టు" అంది.

మేస్త్రి కళ్ళ ముందు రెండో రూలు పెద్ద అక్షరాలతో కనపడింది.

"మీరు మీటలు ఎన్నిసార్లు నొక్కారత్తయ్యా?"

"ఎడమకు ఒకసారి, నువ్వు చెప్పింది. ఆ తరవాత కుడికి రెండుసార్లు. కిందికి ఒకసారి. వేగం తగ్గించాను, పెంచాను, మళ్ళీ తగ్గించాను."

"ఎవరు చెప్పారు?"

"చీటీలున్నాయిగా. బాగా అంటించావు, అక్షరాలు కూడా గుండ్రంగా ఉన్నాయి. దూరంగా ఇది కనపడింది, ఏమిటో చూద్దామని వచ్చాను." ఎర్ర సిరా చీటీ వైపు వేలు చూపించింది. "అది మాత్రం ముట్టుకోలేదు."

సాయంత్రం అయిదున్నరకు భార్య వచ్చేసరికి ఇంట్లో దృశ్యం ఇది: తల్లి కుర్చీలో, మొగుడు నేల మీద, మధ్యలో రిజిస్టరు.

"ఎవరు పోయారు?" అంది చేతిసంచి దించుతూ.

"రెండు వేల మూడు వందల పదహారు" అన్నాడు మొగుడు.

సంగతి విని ఆమె ముందు నవ్వింది. తరవాత మొగుడి ముఖం చూసి ఆపేసింది. ఆ ముఖం ఆమె ఇంతకుముందు ఒక్కసారే చూసింది, ఆయన చేతి కిందున్న లిఫ్టులు రెండింటిని తీసేసి కొత్తవి పెట్టినప్పుడు. ఎగతాళి చెయ్యచ్చు గానీ, అబద్ధం ఆడమని చెప్పడానికి లేదు. ఎవరూ చూడరు, ఎవరూ అడగరు, ఆటలో ఆ రూలే లేదు. తుడిచెయ్యకపోతే లోకంలో ఒక్క ఆకు కూడా కదలదు. కానీ రేవుకు పోయి పేరు రాయించుకున్నాక, ప్రతి నక్షత్రం పక్కనా ఉండే పేరును ఈయన ఎలా చదువుకుంటాడు?

"నాకో సంగతి చెప్పండి," అంది ఆలోచించి. "ఇరుక్కున్నవాళ్ళకు ఫోనులో మీరు చెప్తే, వాళ్ళే లోపల మీట నొక్కితే లిఫ్టు కదిలిందనుకోండి. రిజిస్టరులో పని ఎవరు చేసినట్టు రాస్తారు?"

"మెకానిక్."

"మరింకేం? అమ్మ చెయ్యి మీ చెయ్యే."

మేస్త్రి ముఖంలో రక్తం తిరిగింది. ఇది సరైన మాట. పాతికేళ్ళుగా అలాగే రాశాడు. రిజిస్టరు దగ్గరికి లాక్కున్నాడు.

"అదెలా కుదురుతుంది?" అంది అత్తగారు హెడ్‌ఫోను తీసి. "మొదటిసారి నొక్కింది అతను చెప్తే నొక్కాను. మిగతావి నా అంతట నేను నొక్కాను. అవి కూడా అతని లెక్కలో వేస్తే తప్పు లెక్క."

"అమ్మా! నిన్నెవరు అడిగారు?"

"అడక్కపోతే తప్పు ఒప్పయిపోతుందా?"

మేస్త్రి పెన్ను కింద పెట్టేశాడు. ఆవిడ అన్నది నిజం. లేచి కంప్యూటరు దగ్గరికి వెళ్ళాడు. అన్నీ తుడిచెయ్యి అనే గుర్తు ఆటలో ఎక్కడో మూడు గదుల లోపల దాచినట్టుంటుంది. దాన్ని వెతికి తెర మీదికి తెచ్చాడు. కుర్చీలో అత్తగారు ఉంది కాబట్టి పక్కన నిలబడి, వంగి, వేలు ముందుకు చాచాడు. వేలు అక్కడే ఆగిపోయింది. ఎంతసేపటికీ ముందుకూ పోదు, వెనక్కూ రాదు.

"అంత తొందరేమిటి బాబూ?" అంది ఆవిడ. "కెప్టెన్ చెయ్యి తప్ప, అని రాశావు. కెప్టెన్ ఎవరు?"

"నేనే."

"ఎప్పటిదాకా?"

మేస్త్రి వేలు వెనక్కి తీసుకుని ఆవిడ వైపు తిరిగాడు.

"పోతూ పోతూ నాతో ఏమన్నావు? నేనొచ్చేదాకా మీదే బాధ్యత అన్నావా, లేదా?"

"అన్నాను."

"నేను గడియారం చూసి సరే అన్నానా, లేదా? అంటే రెండూ నలభైకి నువ్వు ఛార్జి అప్పగించావు, నేను పుచ్చుకున్నాను. మా స్టోరులో ఇన్‌ఛార్జి ఉన్నట్టుండి పోవాల్సొస్తే నోటిమాట మీదే ఇచ్చేవాళ్ళు. రాతపని తరవాత. అప్పటి నుంచి బీరువా ఎవరు తెరిచినా కొత్త ఇన్‌ఛార్జి చెయ్యే. నేను నొక్కినవన్నీ కెప్టెన్ నొక్కినవే. నీ రూలు ఎక్కడా చెడలేదు."

మేస్త్రి ఆ మాటను లిఫ్టు తాడును తడిమినట్టు ఈ చివర నుంచి ఆ చివరిదాకా తడిమి చూశాడు. ఎక్కడా తీగ తెగలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగినట్టనిపించి ముక్కు ఎగబీల్చాడు.

"అత్తయ్యా, మీరు దేవత. ఇంక లేవండి, నేను కూర్చుంటా."

"ఎలా కూర్చుంటావు? ఛార్జి నా దగ్గరుందిగా."

"తిరిగి ఇచ్చెయ్యండి."

"ఇవ్వాలంటే సరుకు లెక్క చూసి ఇవ్వాలి. నీ సరుకు ఓడ కడుపులో ఉంది. పుచ్చుకునేటప్పుడు తొందరలో చూడలేదు, అది నా తప్పే. రేవు చేరాక ఒక్కొక్కటీ చూసి, సంతకం పెట్టి ఇస్తాను. అప్పటిదాకా నువ్వు ముట్టుకుంటే, అదిగో, అప్పుడు రెండో రూలు చెడుతుంది." కాళ్ళు కిందికి దించింది. "దీన్ని నేల మీద దింపడం ఎలాగో దూరంగా నిలబడి చెప్పు. మూడు గంటలుగా కూర్చున్నాను, నేను అర్జెంటుగా లేవాలి."

అలా మేస్త్రి ప్రయాణం బతికింది. కుర్చీ పోయింది.

ఏడు వారాల దారి పదకొండు వారాలైంది. రోజూ ఆలుమగలిద్దరూ పనికి పోగానే ఆవిడ పది నుంచి పన్నెండు, మళ్ళీ రెండు నుంచి నాలుగు ఓడ నడిపేది. వేళ అంటే వేళే. పదకొండు రూల్సులో ఒక్కటి కూడా తప్పలేదు. తప్పకపోవడమే మేస్త్రి ప్రాణం తీసింది. ఆయన ఒక గ్రహాన్ని నిమిషంలో చూసి పోయేవాడు. పూర్తిగా చూడనిదే కదలకూడదని రాసుందిగా అని ఆవిడ ప్రతి రాయి చుట్టూ మూడుసార్లు తిరిగేది. సాయంత్రం ఇంటికి రాగానే ఆయన బూట్లు విప్పకుండా, "ఇవాళ ఎన్ని?" అనేవాడు. "ఒకటి. పెద్దది" అనేది ఆవిడ.

సెలవురోజుల్లో వెనక నిలబడి చూసే అనుమతి దొరికింది. చేతులు వెనక్కి కట్టుకోవాలన్నది ఆవిడ షరతు.

"కొంచెం కుడికండీ..."

"ఛార్జి ఎవరిది?"

"మీదే. ఊరికే అన్నాను."

"ఏవండీ, పదిరోజులకని వచ్చిన మా అమ్మను మూడు నెలలు కట్టేసుకున్నారు, మా అన్నయ్య ఫోను చేసి తిడుతున్నాడు" అనేది భార్య వంటింట్లోంచి. కానీ ఆమె గొంతులో కోపం లేదు. పాలు పొంగితే కట్టెయ్యడానికి ఇప్పుడు మొగుడు ఖాళీగా దొరుకుతున్నాడు.

రేవు చేరిన రోజు సెలవు కాదు. మేస్త్రి సెలవు పెట్టాడు. పాతికేళ్ళలో జ్వరానికి కూడా పెట్టని మనిషి, ఇంట్లో పని అని చీటీ రాసిచ్చాడు. రేవు అంటే అంతరిక్షంలో గిర్రున తిరిగే ఒక పెద్ద పీపా. దాని తలుపు కూడా తిరుగుతూనే ఉంటుంది. అంచు తగిలితే ఓడ తునాతునకలు. పద్నాలుగు నెలల్లో పట్టని చెమట మేస్త్రికి ఆ పదినిమిషాల్లో పట్టింది. అత్తగారు మాత్రం సూదిలో దారం ఎక్కించేటప్పటిలా నాలుక కొంచెం బయట పెట్టి, తలుపు తిరిగే వేగం చూసుకుని, మెల్లిగా, ఎంత మెల్లిగా అంటే వెనక క్యూలో ఉన్న ఎవరో కుర్రాడు ఇంగ్లీషులో బూతులు రాసేంత మెల్లిగా, లోపలికి పోయి దించింది.

"అప్పజెప్పండత్తయ్యా! కింద ఒక మీట ఉంటుంది. అన్నీ ఒకేసారి పోతాయి."

"చూడకుండానా?" అని ఆవిడ రిజిస్టరు తెరిచింది. "చదువు. ఒకటి."

ఆవిడ నడిపినప్పుడు చూసినవి వేరే పద్దు. మేస్త్రి అప్పగించిన రెండు వేల మూడు వందల పదహారు నక్షత్రాలు లెక్క చూడటానికి పదహారు రోజులు పట్టింది. మేస్త్రి పనినుంచి రాగానే ఇద్దరూ కూర్చునేవాళ్ళు. తెర మీద ఉన్నదీ, రిజిస్టరులో రాసిందీ సరిపోతే ఆవిడ టిక్కు పెట్టి, దాన్ని ఒక్కదాన్నే అప్పజెప్పేది. పక్కన మేస్త్రి పేరు పడేది. మొదటిరోజు ఆయన కాళ్ళు ఊపుతూ విసుక్కున్నాడు. రెండోరోజు, "ఇక్కడ నీలం అని రాశావు, ఎలాంటి నీలం?" అని ఆవిడ అడిగితే, చెప్పడానికి కాసేపు తడుముకున్నాడు. పద్నాలుగు నెలల్లో ఆ ప్రశ్న ఎవరూ ఆయన్ని అడగలేదు. నాలుగో రోజుకు అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు. పదో రోజుకు టీ చల్లారిపోతున్నా ఆపలేదు.

పదహారో రోజు ఒక్కటే మిగిలింది. ముందే వచ్చిన నంబరది. అప్పుడు ఏదో అనుమానమొచ్చి ఆవిడ చివరికి తోసేసింది. పద్నాలుగు వందల తొమ్మిది.

"రిమార్కుల గడిలో మిగతా అన్నిటికీ వేడి, బరువు, వలయాలు రాశావు. దీనికి మాత్రం బావుంది అని ఒక్క మాట. ఏం బావుంది?"

మేస్త్రి చెవి వెనక గోక్కున్నాడు. "రెండు చిన్న గ్రహాలండీ. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. బాగా దగ్గర. ఒకదాని మీద దిగి చూస్తే రెండోది ఆకాశంలో సగం ఉంటుంది. మీద పడిపోతుందేమో అనిపిస్తుంది. పడదు. దాని మీది కొండలు కూడా కనపడతాయి. పొద్దు పొడిచినప్పుడు ముందు దాని మీద ఎండ పడుతుంది, ఆ ఎండ తిరిగి మన మీద పడుతుంది. నీడలు రెండు వైపులకీ ఉంటాయి. నేను... ఆ రోజు ఊరికే కూర్చున్నా. ఓడ దిగే ఉంది, కంప్యూటరు ఆపెయ్యచ్చు. ఆపలేదు."

భార్య చేతిలో దువ్వెనతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎప్పుడు వచ్చిందో ఆయన చూసుకోలేదు.

అత్తగారు పెన్ను మూత పెట్టింది. "బావుంది అన్నది నీ అభిప్రాయం. సరుకు వివరం కాదు. కళ్ళతో చూడకుండా దీనికి నేను టిక్కు పెట్టలేను."

"మిగతావన్నీ పెట్టారుగా!"

"వాటికి అంకెలున్నాయి. ఎంత దూరం ఇది?"

"అయిదు నెలలు," అన్నాడు మేస్త్రి. ఆవిడ ముఖం చూసి, "మీరు నడిపితే ఎనిమిది."

"అమ్మా!" అంది భార్య. "అన్నయ్యకేం చెప్పమంటావు?"

"ఛార్జిలో ఉందని చెప్పు." ఆవిడ కుర్చీ తెర దగ్గరికి జరుపుకుని, రేవు తలుపు తెరుచుకోవడం కోసం చూసి, ఓడను మెల్లిగా బయటి చీకట్లోకి తెచ్చింది. అక్కడ ఆగిపోయింది. నక్షత్రాలు ఎటు చూసినా ఒకేలా ఉన్నాయి. మీటల మీద వేళ్ళు పెట్టి, వెనక్కి తిరగకుండా అడిగింది:

"ఎటు తిప్పమంటావు బాబూ?"

మేస్త్రి వెనక కట్టుకున్న చేతులు విప్పాడు. గొంతు సవరించుకున్నాడు.

"కుడికండీ," అన్నాడు. "ఇంకొంచెం. చాలు."